పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు: కేస్ మార్చడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర నేను కంప్యూటర్ క్లాసులు చెబుతాను. పొద్దున డిగ్రీ పిల్లలు పైథాన్, జావా నేర్చుకోవడానికి వస్తారు. మధ్యాహ్నం నుంచి ప్రాజెక్టు రిపోర్టులు, దరఖాస్తులు, పేర్ల లిస్టులు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. ఈ రెండు రకాల వాళ్లకూ ఒకేచోట కాలు తట్టుకుంటుంది: ఇంగ్లిష్‌లో క్యాపిటల్ లెటర్లు, స్మాల్ లెటర్లు. ఇన్నేళ్లలో నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి. ఈ పేజీ అంతా తెలుగు లిపిలోనే రాస్తున్నాను కాబట్టి ఇంగ్లిష్ అక్షరాలను పెద్ద ఏ, చిన్న ఏ అని బడిలో పిలిచినట్టే పిలుస్తాను.

సార్, క్యాపిటల్, స్మాల్ అంటే సరిపోదా? అప్పర్ కేస్, లోయర్ కేస్ అని ఎందుకంటారు?

రెండూ ఒకటే. అచ్చుయంత్రాల కాలంలో సీసపు అక్షరాలను గళ్లు గళ్లుగా ఉన్న చెక్క పెట్టెల్లో పెట్టుకునేవారు. ఆ పెట్టె పేరే కేస్. పెద్ద అక్షరాల పెట్టె పైన, చిన్న అక్షరాల పెట్టె కింద, చేతికి అందేలా ఉండేది. పైపెట్టె అప్పర్ కేస్, కింది పెట్టె లోయర్ కేస్. పెట్టెలు పోయాయి, పేర్లు మిగిలాయి.

తెలుగులో ఇవి ఎందుకు లేవు?

ప్రపంచంలో చాలా లిపులకు ఇవి లేవు. రోమన్, గ్రీకు, రష్యన్ రాసే సిరిలిక్, ఆర్మేనియన్ లాంటి కొన్ని లిపులకే రెండు వరసల అక్షరాలున్నాయి. తెలుగు, కన్నడ, హిందీ, ఉర్దూ, ఏ లిపి చూసినా ఒకటే వరస.

మనం "జ్యోతి వెలిగింది" అని రాస్తే అది దీపమేనని మిగతా మాటను బట్టి తెలుస్తుంది. "జ్యోతి వచ్చింది" అంటే అమ్మాయి. అక్షరం మారలేదు, చదివేవాళ్లే అర్థం చేసుకున్నారు. ఇంగ్లిష్‌లో ఆ పనిలో కొంత పెద్ద అక్షరం చేస్తుంది. మన పిల్లలు క్యాపిటల్స్ దగ్గర తప్పులు చేసేది తెలివి తక్కువై కాదు, సొంత లిపిలో ఆ అలవాటే లేక. టీచర్లు ఈ మాట గుర్తుపెట్టుకుంటే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పెద్ద ఏ, చిన్న ఏ ఒకటే అక్షరమని కంప్యూటర్‌కు తెలుసా?

తెలియదు. దానికి ప్రతి అక్షరం ఒక సంఖ్య. పెద్ద ఏ 65, పెద్ద జెడ్ 90. చిన్న ఏ 97, చిన్న జెడ్ 122. పెద్దదానికీ చిన్నదానికీ తేడా ఎప్పుడూ 32. కంప్యూటర్ భాషలో ఇది ఒక్క బిట్ తేడా. ఆ అమరిక ముందే ఆలోచించి చేసినది, అందుకే కేస్ మార్చడం కంప్యూటర్‌కు అంత తేలిక.

తెలుగులో అ సంఖ్య 3077, ఆ సంఖ్య 3078. పక్క పక్కనే ఉన్నా ఆ అంటే పెద్ద అ కాదు, అది వేరే అక్షరం. అందుకే తెలుగు వాక్యాన్ని కేస్ మార్చే ఫంక్షన్‌కు ఇస్తే ఎలా ఇచ్చామో అలాగే తిరిగొస్తుంది. ఏమీ పాడవదు. ఒక్క చోట తప్ప. దాని సంగతి కింద పాత డీటీపీ ఫాంట్ల దగ్గర చెబుతాను.

ఊళ్ల లిస్టు వరసలో పెడితే అచ్చంపేట కంటే ముందు వనపర్తి వచ్చింది. ప్రోగ్రాం తప్పా?

ప్రోగ్రాం తప్పు కాదు. లిస్టులో వనపర్తి పెద్ద డబ్ల్యూతో, అచ్చంపేట చిన్న ఏతో ఉండి ఉంటుంది. పైథాన్ సంఖ్యలనే చూస్తుంది. పెద్ద డబ్ల్యూ 87, చిన్న ఏ 97. ఎనభై ఏడే ముందు కదా. సార్ట్ చేసేటప్పుడు కీ అన్నచోట లోయర్ ఫంక్షన్ ఇస్తే పోలికకు మాత్రమే అన్నింటినీ చిన్నవిగా చూస్తుంది, అసలు పేర్లను ముట్టుకోదు. ఎక్సెల్‌లో మామూలుగా సార్ట్ చేస్తే ఈ ఇబ్బంది రాదు, అది కేస్ పట్టించుకోదు.

వర్డ్‌లో రెండు పేజీలు క్యాప్స్ లాక్ వేసి కొట్టేశాను. మళ్లీ కొట్టాలా?

అక్కర్లేదు. మొత్తం సెలెక్ట్ చేసి షిఫ్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కండి. నొక్కిన ప్రతిసారీ అన్నీ చిన్నవి, అన్నీ పెద్దవి, మొదటి అక్షరం పెద్దది అంటూ తిరుగుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. హోమ్ ట్యాబ్‌లో పెద్ద ఏ, చిన్న ఏ పక్కపక్కన ఉండే బొమ్మ కింద కూడా ఇదే ఉంది. గూగుల్ డాక్స్ అయితే ఫార్మాట్, అందులో టెక్స్ట్, అందులో క్యాపిటలైజేషన్.

సెంటెన్స్ కేస్ ఎంచుకుంటే మాత్రం ఒకసారి చదివి చూసుకోవాలి. అది వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేసి మిగతావన్నీ చిన్నవి చేస్తుంది. నల్లగొండ, కృష్ణా నది, మహాత్మాగాంధీ యూనివర్సిటీ అన్నీ చిన్న అక్షరాల్లోకి దిగిపోతాయి. ఊరి పేరు, మనిషి పేరు ఏదో దానికి తెలియదు, మనమే మళ్లీ పెట్టాలి.

ఇంకొక సంగతి. వర్డ్‌లోని ఫాంట్ డబ్బాలో ఆల్ క్యాప్స్ అని టిక్ ఉంటుంది. అది అక్షరాలను మార్చదు, పైకి పెద్దవిగా చూపిస్తుంది, అంతే. షిఫ్ట్ ఎఫ్3 నిజంగా మారుస్తుంది. రెండింటినీ ఒకటే అనుకుని తర్వాత టెన్షన్ పడినవాళ్లను చాలామందిని చూశాను.

ఫోన్‌లో?

గూగుల్ కీబోర్డు ఉంటే మాటను సెలెక్ట్ చేసి షిఫ్ట్ బాణం నొక్కండి, కేస్ మారుతుంది. వాట్సాప్‌లో పెద్దవాళ్లు అన్నీ క్యాపిటల్స్‌లో పంపితే కోప్పడుతున్నారని అనుకోకండి. క్యాపిటల్స్ అంటే అరవడం అన్నది ఇంటర్నెట్‌లో స్థిరపడిన మర్యాద, మన ఊళ్లో పెద్దాయనకు అది ఎవరూ చెప్పలేదు.

ప్రాజెక్టు రిపోర్టు టైటిల్‌లో ఏ మాటలకు పెద్ద అక్షరం పెట్టాలి?

టైటిల్ కేస్ అంటే ముఖ్యమైన ప్రతి మాటకూ మొదటి అక్షరం పెద్దది. ఆఫ్, అండ్, ద, ఇన్ లాంటి చిన్న మాటలు, టైటిల్ మొదట్లో వస్తే తప్ప, చిన్నగానే ఉంటాయి. ఇందులో అన్నిచోట్లా ఒకటే నియమం లేదు. కొందరు నాలుగు అక్షరాలున్న మాట నుంచి పెద్దది చేస్తారు, కొందరు విభక్తి లాంటి మాటలు పొడుగైనా చిన్నవిగానే ఉంచుతారు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఏది అడుగుతారో కనుక్కుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే పాటించండి. ఒక అధ్యాయం ఒక తీరుగా, ఇంకోటి ఇంకో తీరుగా ఉంటే చదివే సార్‌కు మొదటి పేజీలోనే చులకన కలుగుతుంది.

ఎక్సెల్‌లో 600 పేర్లున్నాయి. సగం క్యాపిటల్స్, సగం స్మాల్. అన్నీ ఒకేలా చేయాలి. ఎలా?

పక్కన ఖాళీ కాలమ్ పెట్టుకోండి. ఈక్వల్ కొట్టి, ప్రాపర్ అని రాసి, బ్రాకెట్‌లో పేరున్న సెల్ నంబర్ ఇవ్వండి. కిందిదాకా లాగండి. అన్నీ పెద్దవి కావాలంటే అప్పర్, అన్నీ చిన్నవి కావాలంటే లోయర్. గూగుల్ షీట్స్‌లో కూడా ఇవే పేర్లు. పని అయ్యాక ఆ కాలమ్‌ను కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ ఎంచుకుని అతికించండి. అలా చేయకుండా పాత కాలమ్ తీసేస్తే కొత్తది మొత్తం ఎర్రర్ చూపిస్తుంది. అందరూ మొదటిసారి చేసే తప్పు ఇదే.

ప్రాపర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే అది ఎక్కడ తప్పుతుందో ముందే చెప్పొచ్చు. అక్షరం కాని గుర్తు ఏది వచ్చినా దాని తర్వాతి అక్షరాన్ని పెద్దది చేస్తుంది, మిగతావన్నీ చిన్నవి చేస్తుంది. మన పేర్ల తీరుకు ఇది సగం మంచిది. ఇంటిపేరు పొడి అక్షరంగా పెట్టి చుక్క కొట్టి పేరు రాస్తాం కదా, చుక్క తర్వాతి అక్షరం చక్కగా పెద్దదవుతుంది. సన్నాఫ్, వైఫాఫ్‌లకు గీత పెట్టి రాసే గుర్తులు కూడా బాగానే ఉంటాయి. బీటెక్‌ను మధ్యలో చుక్క పెట్టి రాస్తే సరిగ్గా వస్తుంది.

కానీ ఎంబీఏ అన్న మూడు పెద్ద అక్షరాల్లో ఎం ఒక్కటే పెద్దగా మిగులుతుంది. ఎంజీయూ కూడా అంతే. సెకండ్ వార్డు అని అంకె వేసి రాస్తే 2 తర్వాతి ఎన్ పెద్దదైపోతుంది. విమెన్స్ కాలేజీ అని రాసినచోట పైన పెట్టే కామా తర్వాతి ఎస్ పెద్దదవుతుంది. టీజీ 05 అని మన జిల్లా బండి నంబర్లు ఉన్న కాలమ్‌కు ప్రాపర్ వేస్తే జీ చిన్నదైపోతుంది. అందుకే పేరు, చదువు, బండి నంబర్ మూడూ ఒకే కాలమ్‌లో ఉంటే ముందు విడదీయండి. పేర్లకు ప్రాపర్, చదువులకు, నంబర్లకు అప్పర్. ఈ ఒక్క పని చేస్తే సగం తలనొప్పి పోతుంది.

కేస్ మార్చితే స్పెల్లింగ్ మారదు అన్నది కూడా చెప్పాలి. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. నాగర్‌కర్నూల్‌ను కొందరు రెండు మాటలుగా విడదీస్తారు. నల్లగొండలో ఎల్ ఒకటా రెండా అన్నది కూడా ఉంది. అన్నింటినీ అప్పర్ చేసినా అవి వేర్వేరు ఊళ్లుగానే లెక్కకొస్తాయి. ఒక చిన్న పట్టిక చేసుకుని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక స్పెల్లింగ్‌కు తేవాలి.

ఎక్సెల్‌లో ఒక లిస్టులోని పేరును ఇంకో లిస్టులో వెతికే వీలుకప్ పెట్టాను, పేర్లు కలవడం లేదు. క్యాపిటల్స్ తేడా వల్లనేనా?

కాదు. వీలుకప్, కౌంటిఫ్, రిమూవ్ డూప్లికేట్స్, ఇవేవీ పెద్ద చిన్న తేడా చూడవు. కలవకపోతే నా అనుభవంలో కారణం పేరు చివర కనపడకుండా మిగిలిన స్పేస్. ట్రిమ్ వేసి చూడండి. నిజంగా కేస్ తేడా పట్టుకోవాలంటే ఎగ్జాక్ట్ అన్న ఫంక్షన్ ఉంది. అదే లిస్టును పైథాన్‌లోకి తీసుకుంటే మాత్రం అంతా తిరగబడుతుంది. అక్కడ పెద్ద ఎన్‌తో ఉన్న నల్లగొండ, చిన్న ఎన్‌తో ఉన్న నల్లగొండ రెండు ఊళ్లు.

అన్నీ చిన్నవి చేసేశాను. మళ్లీ పాతవి కావాలి. వెనక్కి తేవొచ్చా?

అన్‌డూ దాటిపోతే తేలేం. అందరికీ ముందుగా చెప్పాలనుకునే మాట ఇదే. కేస్ మార్చడమంటే రంగు మార్చడం లాంటిది కాదు, కొంత సమాచారం శాశ్వతంగా పోతుంది.

ఆర్, ఏ, ఎం అనే మూడు అక్షరాలు తీసుకోండి. మూడూ పెద్దవైతే కంప్యూటర్ మెమరీ. మొదటిది మాత్రమే పెద్దదైతే రామ్ అనే మనిషి. మూడూ చిన్నవైతే ఇంగ్లిష్‌లో పొట్టేలు. లోయర్ వేశాక మూడూ పొట్టేలే అవుతాయి. ఏది మనిషో ఏది మెమరీయో ఏ సాఫ్ట్‌వేర్ కచ్చితంగా చెప్పలేదు. ఐటీ అన్న రెండు పెద్ద అక్షరాలను చిన్నవి చేస్తే "అది" అనే అర్థం వచ్చే మాట అవుతుంది. కాబట్టి అసలు కాలమ్‌ను ఎప్పుడూ అలాగే ఉంచండి. పోల్చడానికి, వెతకడానికి పక్కన ఇంకో కాపీ చేసుకోండి. మనిషి తన పేరు ఎలా రాశాడో అలా దాచుకోవడం అతనికి మనమిచ్చే గౌరవం కూడా.

ఫారాలు నింపేటప్పుడు క్యాపిటల్స్ ఎందుకు అడుగుతారు? మెమోలో క్యాపిటల్స్, ఆధార్‌లో చిన్నవి ఉంటే పేరు తేడా అంటారా?

చేత్తో రాసేటప్పుడు గొలుసుకట్టు రాత చదవడం కష్టం. పెద్ద అక్షరాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి అడుగుతారు. పాస్‌పోర్టు కింద మెషిన్ చదివే రెండు వరసల్లో కూడా చిన్న అక్షరాలకు చోటే లేదు.

కేస్ తేడా అంటే స్పెల్లింగ్ తేడా కాదు. అసలు తేడాలు ఎక్కడొస్తాయంటే ఇంటిపేరు ముందుందా వెనకుందా, పొడి అక్షరమా పూర్తిగా ఉందా, మధ్యలో స్పేస్ ఉందా అన్నచోట. ముందు వాటిని చూసుకోండి.

కోడ్‌ల దగ్గర పెద్ద అక్షరాలే పద్ధతి. పాన్‌లో ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. ఐఎఫ్ఎస్‌సీలో 11 ఉంటాయి, మొదటి నాలుగూ బ్యాంకు అక్షరాలు, ఐదోది సున్నా. ఆ సున్నా దగ్గర జాగ్రత్త. ఎవరో చిన్న ఓ కొట్టి పంపితే అప్పర్ చేశాక అది పెద్ద ఓ అయి అచ్చం సున్నాలా కనిపిస్తుంది. మీరు పది నిమిషాలు చూసినా తప్పు దొరకదు. చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె కూడా ఇలాగే ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి.

తెలుగు కరపత్రం మీద కేస్ మార్చితే అక్షరాలన్నీ పిచ్చిగా అయిపోయాయి. తెలుగుకు కేస్ లేదన్నారు కదా?

ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉన్న యూనికోడ్ తెలుగుకు లేదు. మీ దగ్గర ఉన్నది పాత డీటీపీ ఫాంట్ తెలుగు. ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసేచోట ఇప్పటికీ అవే ఎక్కువ. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలు లేవు. పెద్ద ఏ ఉండాల్సిన చోట ఒక తెలుగు బొమ్మ, చిన్న ఏ ఉండాల్సిన చోట ఇంకో తెలుగు బొమ్మ కూర్చోబెట్టారు. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు మాత్రం అది ఇంగ్లిష్ అక్షరాల గుంపు. ఫాంట్ మార్చి చూడండి, అసలు రంగు బయటపడుతుంది. అలాంటిదానిపై కేస్ మార్చమంటే కంప్యూటర్ నిజంగానే మార్చేస్తుంది. ఒక గుణింతం పోయి ఇంకో ఒత్తు వచ్చి కూర్చుంటుంది.

ఇది నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. చెర్వుగట్టు జాతరకు మజ్జిగ పంచేవాళ్లు ఒక కరపత్రం తెచ్చారు. పైన ఇంగ్లిష్ పేర్లు, కింద తెలుగు. ఇంగ్లిష్ పేర్లన్నీ క్యాపిటల్స్ కావాలన్నారు. నేను కంట్రోల్ ఏ కొట్టి మొత్తం అప్పర్ చేశాను. పైభాగం చూసుకుని సేవ్ చేసి మూసేశాను. కింద దేవుడి పేరు మొదలుకుని దాతల పేర్ల దాకా ఏ మాటా మాటగా లేదు. పిల్లలు రాత్రంతా కూర్చుని మళ్లీ కొట్టారు. ఆ దాతల్లో ముసలివాళ్లున్నారు, తమ పేరు అచ్చులో చూసుకోవాలని వచ్చినవాళ్లు. అప్పటి నుంచి నా దగ్గర నియమం ఒకటే: కేస్ మార్చే ముందు ఫాంట్ పేరు చూడాలి, ఇంగ్లిష్ ఉన్న ముక్కను మాత్రమే సెలెక్ట్ చేయాలి, ఫైల్‌కు కాపీ తీసుకోవాలి.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టి మార్చుకుంటాను. అక్కడ కేస్ ముఖ్యమా?

చాలా ముఖ్యం. అలా కొట్టే ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో చిన్న డీ అంటే ద, పెద్ద డీ అంటే డ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. చిన్న ఎం మ, పెద్ద ఎం సున్నా. నల్లగొండలో సున్నాకు పెద్ద ఎం, డకు పెద్ద డీ కొడతాం. దాన్ని లోయర్ చేస్తే నల్లగొమ్ద అవుతుంది. పాలమూరులో దీర్ఘాలకు పెద్ద ఏ, పెద్ద యూ కొట్టి ఉంటే పలమురు అవుతుంది. ఇలా రాసుకున్న ఫైల్‌ను ఎప్పుడూ కేస్ మార్చకండి. ఫోన్ కీబోర్డు వాక్యం మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్దది చేస్తుంది, దాన్ని కూడా ఆపేయాలి.

ప్రోగ్రామింగ్‌లో క్యామెల్, స్నేక్ అంటారు. ఒంటెకూ పాముకూ ఏం సంబంధం?

ప్రోగ్రాంలో ఒక విలువను దాచుకోవడానికి పెట్టే పేరు వేరియబుల్. ఆ పేరులో స్పేస్ ఉండకూడదు. స్టూడెంట్ నేమ్ అన్న రెండు మాటలను ఎలాగో కలపాలి. రెండూ అంటించి రెండో మాట మొదటి అక్షరం పెద్దది చేస్తే మధ్యలో మూపురంలా లేస్తుంది, అది క్యామెల్ కేస్. మొదటి మాటకు కూడా పెద్ద అక్షరం పెడితే పాస్కల్ కేస్. అన్నీ చిన్నవి ఉంచి మధ్యలో అండర్‌స్కోర్ పెడితే నేల మీద పాకినట్టుంటుంది, స్నేక్ కేస్. అండర్‌స్కోర్ బదులు చిన్న గీత పెడితే కెబాబ్ కేస్, సీకుకు ముక్కలు గుచ్చినట్టు.

పైథాన్‌లో ఫంక్షన్లకు, వేరియబుల్స్‌కు స్నేక్, క్లాసులకు పాస్కల్, మారని విలువలకు అన్నీ పెద్ద అక్షరాలు. పెప్ 8 అనే పత్రం చెప్పేది ఇదే. జావాలో వేరియబుల్స్‌కు క్యామెల్, క్లాసులకు పాస్కల్. వెబ్ పేజీల రూపం తీర్చే సీఎస్ఎస్‌లో, వెబ్ అడ్రసుల్లో కెబాబ్. కెబాబ్ పేరును పైథాన్‌లో వాడలేరు, ఆ గీతను అది తీసివేత అనుకుంటుంది.

ఇవి కేవలం అందం కోసం కాదు. అలవాటైనవాళ్లు పేరు తీరు చూసి ఇది క్లాసా, ఫంక్షనా, స్థిరమైన విలువా అని చెప్పేస్తారు. ఇంటర్వ్యూలో మీ కోడ్ చూసేవాళ్లు ముందు చూసేది ఇదేనని నా పిల్లలకు ఎప్పుడూ చెబుతాను.

క్యామెల్‌ను స్నేక్‌గా మార్చే ప్రోగ్రాం రాశాను. కొన్ని పేర్లు చిందరవందర అవుతున్నాయి.

ప్రతి పెద్ద అక్షరం ముందు అండర్‌స్కోర్ పెట్టి తర్వాత లోయర్ చేసి ఉంటారు. స్టూడెంట్ నేమ్‌కు అది చాలు. హెచ్‌టీఎంఎల్ పార్సర్ లాంటి పేరు వస్తే హెచ్, టీ, ఎం, ఎల్ నాలుగు ముక్కలవుతాయి. రెండు దశల్లో చేయండి. ముందు, వరసగా పెద్ద అక్షరాలు వచ్చి ఆ తర్వాత ఒక పెద్ద, ఒక చిన్న అక్షరం ఉన్నచోట ఆ చివరి పెద్ద అక్షరం ముందు అండర్‌స్కోర్ పెట్టండి. తర్వాత, చిన్న అక్షరం లేదా అంకె పక్కన పెద్ద అక్షరం ఉన్నచోట మధ్యలో అండర్‌స్కోర్ పెట్టండి. చివర్లో లోయర్. వెనక్కి మార్చేటప్పుడు మాత్రం హెచ్‌టీఎంఎల్ మొత్తం పెద్దదా, మొదటిదే పెద్దదా అన్నది ప్రోగ్రాంకు తెలియదు. పైన పొట్టేలు సంగతి చెప్పాను కదా, ఇదీ అదే.

పైథాన్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు వాడాలి?

అప్పర్, లోయర్ సంగతి తెలిసిందే. క్యాపిటలైజ్ మొత్తానికి ఒక్క మొదటి అక్షరాన్నే పెద్దది చేసి మిగతావన్నీ చిన్నవి చేస్తుంది, కాబట్టి పాలమూరు యూనివర్సిటీలో యూ చిన్నదైపోతుంది. టైటిల్ ప్రతి మాటకూ చేస్తుంది గానీ డోంట్ అన్న మాటలో కామా తర్వాతి టీని కూడా పెద్దది చేస్తుంది. స్ట్రింగ్ మాడ్యూల్‌లో ఉన్న క్యాప్‌వర్డ్స్ స్పేస్ చూసి విడదీస్తుంది, అందుకే ఆ తప్పు చేయదు. రెండు మాటలు ఒకటేనా అని పోల్చడానికి కేస్‌ఫోల్డ్ వాడండి, లోయర్ కంటే అది నమ్మకమైనది. జావాస్క్రిప్ట్‌లో టు అప్పర్ కేస్, టు లోయర్ కేస్ ఉన్నాయి. టైటిల్ కేస్‌కు దానిలో సొంత ఫంక్షన్ లేదు, రాసుకోవాలి.

తెలుగు పేర్లు తీసుకునే ఫారం రాస్తుంటే ఒకటి చూసుకోండి. తెలుగు మాటను ఈజ్ అప్పర్ అని అడిగితే కాదంటుంది, ఈజ్ లోయర్ అని అడిగినా కాదంటుంది. ఈజ్ ఆల్ఫా అని అడిగితే గుణింతం, పొల్లు, సున్నా ఉన్న మాటను అక్షరాలే కాదంటుంది. గుణింతం గుర్తులు యూనికోడ్‌లో అక్షరాల లెక్కలోకి రావు, అందుకు. ఇలాంటి తనిఖీ పెట్టిన ఫారంలో నల్లగొండ అని తెలుగులో రాసిన మనిషికి "సరైన పేరు రాయండి" అన్న మెసేజ్ వస్తుంది. తన పేరు తన లిపిలో సరిగ్గానే రాసిన మనిషిని అలా అనడం నాకు బాధ కలిగిస్తుంది. కోడ్ రాసేవాళ్లు దయచేసి తెలుగు పేరుతో ఒకసారి పరీక్షించండి.

సార్, నా ల్యాప్‌టాప్‌లో వెబ్‌సైట్ ఫొటోలన్నీ కనపడ్డాయి. సర్వర్‌లో పెట్టగానే సగం మాయం.

ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే ప్రశ్న. పిల్లలమర్రి చెట్టు ఫొటో తీసి పెద్ద పీతో పేరు పెట్టారు. కెమెరా చివర జేపీజీని పెద్ద అక్షరాల్లో ఇచ్చింది. కోడ్‌లో మీరు అన్నీ చిన్న అక్షరాల్లో రాశారు. విండోస్ ఈ తేడా పట్టించుకోకుండా ఫైల్ తెరిచింది. సర్వర్ మామూలుగా లినక్స్. దానికి పెద్ద పీ ఫైల్ ఒకటి, చిన్న పీ ఫైల్ ఇంకొకటి. మీరడిగింది లేదంది.

మందు ఒక్కటే: వెబ్‌సైట్‌కు పోయే ప్రతి ఫైల్ పేరూ మొదటి రోజు నుంచే చిన్న అక్షరాల్లో, స్పేస్ లేకుండా, మాటల మధ్య చిన్న గీతతో పెట్టండి. ఇప్పటికే పెట్టేసి, కోడ్ మార్పులను దాచిపెట్టే గిట్‌లో ఉంటే, విండోస్‌లో ఒక్క కేస్ మాత్రమే మార్చిన మార్పును గిట్ గమనించకపోవచ్చు. ముందు వేరే పేరుకు మార్చి కమిట్ చేసి, తర్వాత కావలసిన పేరుకు మార్చండి.

పాన్ నంబర్ డబ్బాలో చిన్నవి కొట్టినా పెద్దవిగా కనిపించేలా చేశాను. డేటాబేస్‌లో చిన్నవే పడ్డాయి. ఎందుకు?

సీఎస్ఎస్‌లోని టెక్స్ట్ ట్రాన్స్‌ఫార్మ్ కంటికి మాత్రమే. ఫారం పంపేది మనిషి కొట్టిన అక్షరాలనే. సర్వర్ దగ్గర కూడా అప్పర్ చేయాలి.

ఈమెయిల్, పాస్‌వర్డ్‌లలో కేస్ చూస్తారా?

ఈమెయిల్‌లో ఎట్ గుర్తు తర్వాతి భాగానికి కేస్ లేదు. ముందు భాగానికి నియమం ప్రకారం ఉండొచ్చు గానీ జీమెయిల్ లాంటివి పట్టించుకోవు. పాస్‌వర్డ్‌కు మాత్రం ప్రతి అక్షరమూ లెక్కే. సొంత సైట్ రాసుకునేవాళ్లు పాస్‌వర్డ్‌ను ఎప్పుడూ లోయర్ చేయకండి. లాగిన్ కాలేదని వచ్చేవాళ్లకు నేను మొదట అడిగేది క్యాప్స్ లాక్, రెండోది ఫోన్ తనంతట తాను పెద్దది చేసిన మొదటి అక్షరం.

ఆన్‌లైన్‌లో ఉచితంగా కేస్ మార్చే సైట్లు వాడొచ్చా?

వ్యాసం, టైటిల్, కోడ్ ముక్కకు వాడండి. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, పిల్లల పేర్లు ఉన్న లిస్టును ముక్కూ మొహం తెలియని సైట్‌లో అతికించకండి. ఎక్సెల్‌లో రెండు నిమిషాల పని అది.

వేరే దేశాల భాషల్లో కూడా కేస్ ఇలాగే మారుతుందా?

టర్కీ భాషలో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ రెండు వేర్వేరు అక్షరాలు. రెండింటికీ పెద్దవి విడిగా ఉన్నాయి. జర్మన్‌లో ఒక ఎస్ రకం అక్షరాన్ని అప్పర్ చేస్తే రెండు ఎస్‌లవుతాయి, మాట పొడవే పెరుగుతుంది. విదేశీ కంపెనీకి కోడ్ రాసేవాళ్లకు ఇది అవసరం పడుతుంది.

తెలుగు మాటలు వెతికేటప్పుడు కేస్ బాధ లేదు కదా. మరి మహబూబ్‌నగర్ వెతికితే సగమే ఎందుకు దొరుకుతున్నాయి?

ఇంగ్లిష్‌లో కేస్ చేసే చిక్కును తెలుగులో వేరేవి చేస్తాయి. బ్ తర్వాత న ఒత్తుగా కిందికి పోకుండా ఆపడానికి కీబోర్డులో కనపడని ఒక అక్షరం కొడతాం. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది ఉన్న మహబూబ్‌నగర్, స్పేస్ ఇచ్చి రాసిన మహబూబ్ నగర్, రెండూ కంటికి దాదాపు ఒకటే, కంప్యూటర్‌కు వేరు. ఐత్వం గుర్తును కూడా ఒకే సంఖ్యగా గానీ, రెండు ముక్కలుగా గానీ రాయొచ్చు. అచ్చులో తేడా కనపడదు.

ఇంగ్లిష్‌కు లోయర్ వేసినట్టే తెలుగుకు పోల్చే ముందు చేయాల్సినవి ఇవి: రెండు తీర్లుగా రాసిన ఒకే అక్షరాన్ని ఒకటిగా చేసే యూనికోడ్ నార్మలైజేషన్ వేయండి, కనపడని అక్షరాన్ని తీసేయండి, స్పేసులు సరిచేయండి. నల్గొండ, నల్లగొండ లాంటి జంటలకు పట్టిక పెట్టుకోండి. ఇక్కడ కూడా పోల్చే కాపీ మీదనే చేయండి. చూపించేదాంట్లో ఆ కనపడని అక్షరం ఉండాలి, లేకపోతే ఊరి పేరు మహబూబ్నగర్ అని వంకరగా కనిపిస్తుంది.

వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టొచ్చా?

పైథాన్ 3లో పెట్టొచ్చు. నల్లగొండ అని తెలుగులో రాసి ఈక్వల్ పెట్టి 5 అంటే పనిచేస్తుంది. పైన చెప్పిన కనపడని అక్షరం ఉన్న పేరును మాత్రం పైథాన్ ఒప్పుకోదు, జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది. క్లాసుకు పెద్ద అక్షరం అన్న పద్ధతి తెలుగులో కుదరదు కాబట్టి మీ టీమ్ వేరే గుర్తు ఏదైనా అనుకోవాలి.

గో అనే ప్రోగ్రామింగ్ భాషలో మాత్రం పద్ధతి కాదు, నియమమే అడ్డొస్తుంది. అక్కడ ఒక ఫంక్షన్ వేరే ప్యాకేజీలకు కనపడాలంటే దాని పేరు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. తెలుగులో పెద్ద అక్షరమే లేదు. అందుకని తెలుగు అక్షరంతో మొదలైన ఫంక్షన్ ఎంత బాగా రాసినా తన ప్యాకేజీ గడప దాటలేదు. పిల్లలు ఏం చేస్తారంటే ముందు ఒక పెద్ద ఇంగ్లిష్ అక్షరం తగిలించి తర్వాత గుణింతం, ఒత్తు, సున్నా లేని తెలుగు పేరు రాస్తారు, ఆ గుర్తులను గో ఒప్పుకోదు. మా క్లాసులో ఒక అమ్మాయి పెద్ద టీ పెట్టి వరస అని రాసింది. టీ ఎందుకమ్మా అంటే, తెలుగుకు సార్, అంది.